స్నేహితులు చర్చికి పిలిస్తే వెళ్ళొచ్చా? కాల్గరీ నుంచి సోంపేట దాకా ఒక పాఠం

పోయిన వారం వీడియో కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే: "అన్నా, ఆఫీసులో, హాస్టల్లో క్రిస్టియన్ ఫ్రెండ్స్ ఉన్నారు. చర్చికో, వాళ్ళింటికో పిలుస్తారు. వెళ్తే తప్పా? వెళ్ళకపోతే వాళ్ళు బాధపడరా?" వీడియోలో రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాను. ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట. వివేకానంద స్వామి 1893లో షికాగో సభకి ముందే, ఆగస్టు నెలలో, అమెరికాలోని ఆనిస్క్వామ్ అనే చిన్న ఊళ్ళో చర్చిలో మాట్లాడారు. రెండోసారి అమెరికా వెళ్ళినప్పుడు, 1900లో, ఓక్లాండ్ యూనిటేరియన్ చర్చిలో ఉపన్యాసాలిచ్చారు. బేలూరు మఠంలో ఈరోజుకీ క్రిస్మస్ ముందురాత్రి ఏసుని స్మరిస్తారు. కాబట్టి గడప దాటడం సమస్య కాదు. ఏ మనసుతో దాటుతున్నాం అన్నదే ప్రశ్న.

నా అనుభవం చెప్తాను. నేను కెనడాలోని కాల్గరీలో చదువుకున్నాను. మొదటి చలికాలం నన్ను ఆదుకున్నది ఒక చర్చి కుటుంబం. మందపాటి కోటు ఇచ్చారు, మంచులో ఎలా నడవాలో నేర్పారు, పండక్కి ఒంటరిగా ఉండకూడదని ఇంటికి పిలిచారు. చాలా ఏళ్ళ తర్వాత పోయిన సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక ఆదివారం మొత్తం వాళ్ళతోనే గడిపాను.

పొద్దున్నే లేచి స్నానం చేసి, ఎప్పటిలాగే ఆదిత్యహృదయం చదువుకుని, బొట్టు పెట్టుకునే బయల్దేరాను. చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను. అందరూ లేచినప్పుడు లేచాను. రొట్టె, ద్రాక్షరసం పళ్ళెం నా దగ్గరకి వచ్చినప్పుడు మాత్రం చేతులు జోడించి పక్కవాళ్ళకి అందించాను. అది వాళ్ళ దీక్షకి సంబంధించిన విషయం. ఆ నమ్మకం లేకుండా తీసుకుంటే వాళ్ళకీ మర్యాద కాదు, నాకూ నిజాయితీ కాదు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

తర్వాత హాల్లో భోజనాలు. నేను పులిహోర చేసి పట్టుకెళ్ళాను. నా కోసం శాకాహారం వేరే బల్ల మీద పెట్టి, పేర్లు రాసి ఉంచారు. అక్కడే ఒక పెద్దాయన "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగారు. శ్రీకాకుళం అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, "సోంపేటకి దగ్గరా?" అన్నారు. నాకు ఒక్క క్షణం మాట రాలేదు. చిన్నప్పుడు సోంపేటలో కంటి ఆపరేషన్ల కోసం చిల్లర దాచి ఇచ్చేవాడట.

ఆ కథ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. మన జిల్లా ఉత్తరపు కొసన, ఒడిశా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళ ఆరోగ్యవరం ఆసుపత్రి ఉండేది. అక్కడ డాక్టర్ బెన్ గల్లిసన్ శుక్లాలు తీసి, చూపు పోయినవాళ్ళకి చూపు తెప్పించేవారు. ఆయన పని గురించి విని కదిలిపోయిన కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్, 1963లో ఆ ఆసుపత్రికి సాయంగా మొదలుపెట్టిన సంస్థే ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్. అది ఇప్పుడు ఆఫ్రికా దేశాల్లో కూడా కంటి వైద్యానికి సాయం చేస్తోంది. దాని మొదటి అడుగు మన సోంపేటలో పడింది!

మా మామ్మది మందస దగ్గర పల్లె. ఆవిడ కంటి ఆపరేషన్ సోంపేటలోనే అయింది. కట్టు విప్పాక నేరుగా అరసవల్లి వెళ్ళి మొక్కు తీర్చుకుంది. ఎవరైనా అడిగితే, "కన్ను డాక్టరు బాబు బాగు సేసినాడు, ఎలుగు సూర్నారాయణమూర్తి ఇచ్చినాడు" అనేది. ఆరోగ్యం కావాలంటే సూర్యుణ్ణి అడగాలని మన పెద్దలు నేర్పారు. మామ్మ అడిగింది. సాయం ఏ చేతి మీదుగా వచ్చినా కాదనలేదు, మొక్కునీ మరవలేదు.

సాయంత్రం టీ తాగుతుండగా ఆ ఇంటావిడ మెల్లగా అడిగారు: "నువ్వు మాతో చేరాలని ఎప్పుడూ అనిపించలేదా?" ఇదే అసలు పరీక్ష. నవ్వేసి మాట మార్చెయ్యొచ్చు. నేను సూటిగానే చెప్పాను: "అమ్మా, మీ ప్రేమని ఎన్నటికీ మర్చిపోను. కానీ నా ఇష్టదైవం నాకు ఉన్నాడు. ఆయన దగ్గర నాకు లోటు లేదు." ఆవిడ కాసేపు ఊరుకున్నారు. తర్వాత, "అయితే రేపు పొద్దున మీ సూర్యుడికి మా ఇంటి మాట కూడా చెప్పు" అన్నారు. చెప్పాను.

ఇందులో మనకి మూడు పాఠాలు.

ఒకటి, స్పష్టత. గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు, భక్తుడు ఏ రూపాన్ని శ్రద్ధతో కొలవాలనుకుంటే ఆ శ్రద్ధనే తాను స్థిరపరుస్తానంటాడు. కాబట్టి ఎదుటివాళ్ళ శ్రద్ధని వెక్కిరించే హక్కు మనకి లేదు. మన శ్రద్ధని దాచుకోవాల్సిన అవసరమూ లేదు.

రెండు, కృతజ్ఞత. "వాళ్ళు మతం మార్చడానికే కదా సేవ చేసింది?" అని మీరు అడుగుతారు. మిషన్ అంటే ప్రచారం కూడా ఉంటుంది, అది వాళ్ళు దాచిన విషయం కాదు. ఒత్తిడి పెట్టో, ఆశ చూపో మార్చాలని చూస్తే కాదని చెప్పాల్సిందే. కానీ మామ్మకి చూపు రావడం కూడా నిజమే. ఒక నిజం చెప్పడానికి ఇంకో నిజాన్ని చెరిపెయ్యక్కర్లేదు. చేసిన మేలు మరవడం మన ధర్మంలో పెద్ద దోషం.

మూడు, సేవ. తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన సమయంలో, తగినవారికి ఇచ్చేదే సాత్త్విక దానమని గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. ఈ కొలత ముందు మనకి మనం పెట్టుకుందాం. ముక్కూమొహం తెలియని సోంపేట కోసం కాల్గరీలో ఒక పిల్లాడు చిల్లర దాచాడు. మనం ఎవరి కోసం దాస్తున్నాం?

ఈ వారం సాధన: ఆదివారం ఉదయం సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చాక, మీ ఇంట్లోనో వీధిలోనో చూపు మందగించిన పెద్దవాళ్ళు ఒక్కరినైనా కంటి పరీక్షకి తీసుకెళ్ళండి. వాళ్ళది ఏ మతమని అడగొద్దు. అరసవల్లి స్వామి వెలుగు అడిగి పడదు కదా!

శుభం భూయాత్.