బాస్కెట్‌బాల్ – పేట మైదానం నుంచి జాతీయ జట్టు దాకా

బాస్కెట్‌బాల్ అనగానే అది డబ్బున్న స్కూళ్ళ పిల్లల ఆట, మనకెందుకులే అనుకునేవారు మన హాస్టళ్ళలో చాలామంది ఉన్నారు. ఈ ఆట చరిత్ర చదివితే ఆ అభిప్రాయం నిలవదు.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో విద్యార్థులను లోపలే ఆడించడానికి ఈ ఆటను తయారుచేశారు. పండ్ల బుట్టలు రెండు తెచ్చి బాల్కనీ అంచుకు మేకులతో కొట్టించారు. ఆ అంచు పదడుగుల ఎత్తులో ఉంది. నేటికీ రింగు ఎత్తు అంతే, 3.05 మీటర్లు. మన దేశంలోనూ వై.ఎం.సి.ఎ.లే ఈ ఆటను వ్యాపింపజేశాయి. పురుషుల తొలి జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో జరిగాయి.

ఇక ముంబయిలోని నాగ్‌పాడా సంగతి చూద్దాం. ముంబయి సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఇరుకైన పేట అది. దాని పక్కనే కామాఠీపురా. మన తెలంగాణ ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడ భవనాలు కట్టిన కూలీలను కామాఠీలు అనేవారు. ఆ పేరే ఆ వాడకు నిలిచింది. 1920లలో క్లిఫర్డ్ మన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ ఇక్కడి పేదల కోసం నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్ అనే సేవాకేంద్రాన్ని నడిపారు. నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ కూడా 1936లో ఈ ఆవరణలోనే మొదలైంది. ఆ కేంద్రంలో ఒక బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. గచ్చు నేల, రెండు రింగులు, అంతే! ఆ కోర్టులో బూట్లు లేకుండా ఆట నేర్చుకున్న అబ్బాస్ మున్తసిర్ భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు. 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆయన తర్వాత కూడా ఆ పేట నుంచి ఎందరో ఆటగాళ్ళు వచ్చారు. స్థలం చిన్నదే గాని అది ఇంటి పక్కన ఉంది, సాయంత్రం ఎవరు వచ్చినా ఆడనిచ్చారు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు నేర్పారు. నా దృష్టిలో అసలు రహస్యం ఇదే.

లీగుల కథ వేరు. 2015లో మొదలైన యు.బి.ఎ. లీగులో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. 2017 తర్వాత ఆ లీగే ఆగిపోయింది. 2022లో ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఆరు నగరాల జట్లతో ప్రారంభమైంది. మొదటి సీజన్‌లో చెన్నై హీట్ గెలిచింది. ఆ ఆరింటిలో తెలుగు నగరం ఒక్కటీ లేదు. కాబట్టి లీగును నమ్ముకుని కూర్చోవడం కంటే రైల్వేలు వంటి సంస్థలు క్రీడా కోటాలో ఇచ్చే ఉద్యోగాలపై దృష్టి పెట్టడం మేలు. అందుకు జాతీయ, రాష్ట్ర స్థాయి పోటీల సర్టిఫికెట్లు కావాలి. దారి స్కూల్ గేమ్స్‌తోనే మొదలవుతుంది. అందులో అండర్-14, 17, 19 విభాగాలున్నాయి.

మన హాస్టల్లో పూర్తి కోర్టుకు స్థలం ఎక్కడిది అని అడగవచ్చు. పూర్తి కోర్టుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కావాలి, నిజమే. కాని టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడించిన త్రీ-ఆన్-త్రీ పద్ధతికి ఒక్క రింగు, 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు చాలు. జట్టుకు ముగ్గురు, బయట ఒకరు. పది నిమిషాల ఆట. ఈలోగా ఎవరు ముందు 21 పాయింట్లు చేస్తే వారిదే గెలుపు. గీత లోపల నుంచి వేస్తే ఒకటి, గీత అవతల నుంచి వేస్తే రెండు. ఆ గీత రింగుకు 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. సున్నంతో గీయవచ్చు. రింగు మాత్రం గట్టి ఇనుప స్తంభానికే బిగించాలి. గోడకు బిగిస్తే పరుగెత్తి వచ్చేవాడు గోడకే కొట్టుకుంటాడు.