పాఠానికీ పాఠానికీ నడుమ – విద్యా టెలివిజన్‌లో విరామ చరిత్ర

ఉపోద్ఘాతం

విద్యాబోధనలో మాటకు ఎంతటి స్థానమున్నదో, మాటకూ మాటకూ నడుమ ఉపాధ్యాయుడు పాటించే విరామానికీ అంతటి స్థానమున్నది. ఒక గంట మ్రోగి మరొక గంట మొదలయ్యే లోపల విద్యార్థి పుస్తకం మారుస్తాడు; మనస్సును కూడ మారుస్తాడు. ఉపాధ్యాయుడు నల్లబల్ల తుడిచి, క్రొత్త పాఠం పేరు వ్రాస్తాడు. ఈ చిన్న కార్యాన్ని మనం పాఠంగా లెక్కించము. కాని అది లేనినాడు తరువాతి పాఠం నిలువదు.

టెలివిజన్ బోధనోపకరణంగా ప్రవేశించిన నాటి నుండి ఈ విరామాన్ని తెరపై ఏ విధంగా చూపవలెనన్న ప్రశ్న ప్రసార సంస్థల ఎదుట ఉన్నది. కార్యక్రమాలను గూర్చి చాలమంది వ్రాశారు. కార్యక్రమాల నడుమ కనిపించిన గడియారాలను, చిహ్నాలను, ప్రకటనలను గూర్చి ఆలోచించినవారు తక్కువ. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించి, మన తరగతి గదికి దానివలన కలిగే ప్రయోజనాన్ని తెలుపుట ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రిటన్ అనుభవం

పాఠశాలల కొరకు క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలు బ్రిటన్‌లో 1957లో ఆరంభమయ్యాయి. ఆ సంవత్సరం మే నెలలో ఐటీవీ, సెప్టెంబరులో బీబీసీ ఈ కార్యానికి పూనుకున్నాయి. నాటి టెలివిజన్ పెట్టెలు వాల్వులతో పనిచేసేవి. మీట నొక్కిన వెంటనే బొమ్మ వచ్చేది కాదు. పెట్టె వేడెక్కవలె, బొమ్మ కుదురుకొనవలె. అంతలో పిల్లలు వరుసగా వచ్చి కూర్చుండవలె. కనుక పాఠానికి ముందు కొంత సమయం తప్పనిసరి అయినది.

1960 నుండి బీబీసీ తన పాఠశాలా ప్రసారాలకు ముందు ఒక వృత్తాన్ని చూపసాగినది. కోసిన రొట్టె ముక్కల వలె ఆ వృత్తం భాగాలుగా విభజింపబడి ఉండేది. సమయం గడిచేకొలదీ ఒక్కొక్క భాగం అదృశ్యమయ్యేది. చివరి భాగం తొలగగానే పాఠం ఆరంభం. అక్షరం రాని పసివాడు సైతం ఎంత సమయం మిగిలి ఉన్నదో ఆ బొమ్మను చూచి గ్రహించగలిగేవాడు. 1974లో దాని స్థానంలో వజ్రాకృతి, 1977లో ఒక్కొక్కటిగా మాయమయ్యే చుక్కలు వచ్చాయి. ఐటీవీ వారు గడియారాన్ని ఆశ్రయించారు. రూపాలు మారినా ఉద్దేశం ఒక్కటే: తెర తాను మాట్లాడుట మాని, తరగతిలోని ఉపాధ్యాయునికి అవకాశమిచ్చేది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలసిందిగా కోరుతున్నాను. తరువాతి చరిత్రను ఈ కొలతతోనే కొలువవలసి ఉన్నది.

ఉపగ్రహ ప్రయోగం – 22½ నిమిషాల తెలుగు

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైనది. 1961లో ఢిల్లీ పాఠశాలలకు పాఠాల ప్రసారం ఆరంభమైనది. అయితే తెలుగు పల్లె పిల్లలు తెరపై తమ భాషలో పాఠం చూచినది ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగంలో. ఆంగ్ల సంక్షిప్త నామం 'సైట్'గా ప్రసిద్ధమైన ఈ ప్రయోగం 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సాగినది. అమెరికా సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన గోదావరి డెల్టా గ్రామాలు ఆ సమూహంలో చేరలేదు. హైదరాబాదు చుట్టుపట్ల, కర్నూలు వైపు గ్రామాలకు ఆ అవకాశం దక్కినది.

ఉదయం గంటన్నర సమయం పాఠశాల పిల్లలది. హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు – ఈ నాలుగు భాషలకు తలా 22½ నిమిషాలు. ఉపగ్రహం ఒకటి, సమయం ఒకటి, భాషలు నాలుగు! తెలుగు పాఠం ముగియగానే అదే తెరపై మరొక భాష మొదలు కావచ్చును. ఇట్టి ఏర్పాటులో కార్యక్రమాల నడుమ వచ్చే ప్రకటన అలంకారం కాదు. ఏ పాఠం ఎవరిది, ఎవరు కూర్చుండవలె, ఎవరు లేవవలె అన్నది తెలిపే సరిహద్దు రాయి. పైగా ఆ ఉపగ్రహం ఒక చిత్రానికి తోడు రెండు ధ్వని మార్గాలను అందించగలిగేది. బొమ్మ ఒక్కటే అయినా మాట రెండు భాషలలో ఉండవచ్చునన్న సత్యాన్ని నాటి సాంకేతిక విజ్ఞానం నిరూపించినది. రెండు భాషల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చునే మన వంటి కళాశాలకు ఇది చిన్న విషయం కాదు.

ఆ ప్రయోగంలోనే సుమారు 50 వేల మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ లభించినది. తెర ముందు ఉపాధ్యాయుడు అనవసరమని దాని నిర్మాతలు భావించలేదన్నమాట.

దూరదర్శన్ చిహ్నం, వాద్యగీతం

1976 ఏప్రిల్ 1న టెలివిజన్ ఆకాశవాణి నుండి వేరుపడి 'దూరదర్శన్' అను ప్రత్యేక సంస్థ అయినది. కన్నును పోలిన దాని చిహ్నాన్ని జాతీయ డిజైన్ సంస్థ విద్యార్థి దేబాశిస్ భట్టాచార్య రూపొందించాడు. ఒక విద్యార్థి గీచిన గీత దేశమంతటికీ పరిచితమైనదన్న విషయం మన విద్యార్థులకు ఉత్సాహం కలిగించవలె. ఆ చిహ్నం తిరుగుచు రూపు కట్టునప్పుడు వినిపించిన వాద్యగీతాన్ని పండిత రవిశంకర్, షహనాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుసేన్ ఖాన్ కూర్చారు. ఇక్బాల్ కవి 1904లో ఉర్దూలో వ్రాసిన 'తరానా-ఎ-హిందీ' బాణీ దానికి ఆధారమని ప్రసిద్ధి. 1977 అక్టోబరులో హైదరాబాదు కేంద్రం ప్రారంభమైన తరువాత, ఉర్దూ చదువనేరని తెలుగు ఇండ్లలో సైతం ఆ గీతం మాటలు లేకుండగనే ప్రతిదినం పలికినది. కార్యక్రమాల నడుమనున్న క్షణాలకే ఈ గౌరవం దక్కుట విశేషం.

ఆ కాలపు విరామాలలో ప్రసారం ఆగినప్పుడు కనిపించిన 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న పలక ఒకటి. ఖాళీ సమయాన్ని నింపిన లఘుచిత్రాలు మరొకటి. ఫిల్మ్స్ డివిజన్ 1974లో నిర్మించిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' ఈ రెండవ కోవలో తలమానికం. విజయా ములే, భీమ్‌సేన్‌ల కృషి ఫలితమైన ఆ యానిమేషన్ చిత్రంలో పక్షులు ఒక్కటై వలతో సహా ఎగిరిపోతాయి. ఏడు నిమిషాల ఆ చిత్రాన్ని పిల్లలు మరల మరల చూచి జ్ఞాపకముంచుకున్నారు. విరామం కూడ బోధించగలదనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

విరామం తరిగిన కాలం

1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఇన్సాట్-1బి ద్వారా 'కంట్రీవైడ్ క్లాస్‌రూం' ప్రారంభించినది. ఇది కళాశాల విద్యార్థుల కొరకు. ఒక గంటలో పలు లఘుచిత్రాలు వరుసగా వచ్చేవి. భాష అధికంగా ఆంగ్లం. 2000 జనవరి 26న 'జ్ఞానదర్శన్', 2017లో 32 ఛానళ్లతో 'స్వయంప్రభ' వచ్చాయి. స్వయంప్రభలో దినానికి నాలుగు గంటల క్రొత్త పాఠాలను మరి ఐదు పర్యాయాలు పునఃప్రసారం చేసే ఏర్పాటు ఉన్నది. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానల్ ద్వారా 'విద్యావారధి', తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ఇంటింటికీ చేరాయి.

పాఠాల సంఖ్య ఈ విధంగా పెరిగినది. పాఠాల నడుమ ఎడం మాత్రం తరిగినది. నేడు చరవాణిలో ఒక పాఠం ముగిసిన కొన్ని క్షణాలకే రెండవది తనంతట తానే మొదలగుచున్నది. పెట్టె వేడెక్కవలసిన అవసరం తీరినమాట నిజమే. విద్యార్థి మనస్సు వేడెక్కవలసిన అవసరం తీరినదా?

ఒక తరగతి అనుభవం

ఇచ్చట నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. ఒక పర్యాయం తరగతిలో నదులను గూర్చిన ఆంగ్ల పాఠాన్ని తెరపై చూపించాను. అందులో 'ఎస్ట్యురీ' అన్న పదం పలుమార్లు వచ్చినది. విద్యార్థులందరు శ్రద్ధగా వ్రాసుకున్నారు. చిత్రం ముగియగానే తరువాతిది మొదలు కాబోగా ఆపివేసి, ఆ పదానికి అర్థమేమని అడిగాను. ఎవరూ నోరు మెదపలేదు. గౌతమి సముద్రంలో కలిసే చోటును మీరేమంటారని అడుగగా, వేట కుటుంబం నుండి వచ్చిన విద్యార్థి ఒకడు మెల్లగా "మొగ అంటామండీ" అన్నాడు. వెనుక బల్ల నుండి ఒక విద్యార్థిని "మా ఇంట్లో దహానా అంటారు సార్" అన్నది. నేను నల్లబల్లపై నదీముఖం, మొగ, దహానా అని మూడు మాటలు వ్రాశాను. యానాంలో పుట్టి పెరిగిన ఆ పిల్లలకు ఆ వస్తువు చిన్ననాటి నుండి తెలుసు. తమకు తెలిసినదే తెర చెప్పుచున్నదని మాత్రం వారికి తెలియలేదు. దానిని తెలియజేసినది చిత్రం కాదు, చిత్రం ఆగిన మూడు నిమిషాలు. ఆనాడు నేను ఆపకపోయినట్లయితే ఒక మంచి పాఠం వారి నోటుపుస్తకాలలోనే నిలిచిపోయేది.

ఉపసంహారం

పై చరిత్ర వలన మనం గ్రహించవలసినది ఒక్కటే. విరామం సాంకేతిక లోపం వలన పుట్టినదైనా, ఉపాధ్యాయుని స్థానమై స్థిరపడినది. తెరపై అది నేడు కనిపించకపోతే తరగతిలో మనమే కల్పించుకొనవలె.

కావున కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. దృశ్యపాఠం చూపే ప్రతి పీరియడులో పాఠానికి ముందు మూడు నిమిషాలు, తరువాత ఐదు నిమిషాలు తప్పక కేటాయించవలసిందిగా కోరుతున్నాను. ముందు సమయంలో రాబోవు ముఖ్యపదాలను నల్లబల్లపై తెలుగులోను, ఉర్దూలోను వ్రాయుదుము. తరువాతి సమయంలో విద్యార్థులు ప్రశ్నింతురు. దీనికి నిధులు అక్కరలేదు. ఒక సుద్దముక్క, కాలపట్టికలో ఒక చిన్న సవరణ చాలును.

విద్యార్థులకు చెప్పవలసినది ఇంకను సులువు. ఇంటివద్ద చరవాణిలో పాఠం చూచునప్పుడు, అది ముగియగానే తరువాతిదానిని ఆపండి. విన్నదానిని ఇంటిలో పలికే భాషలో రెండు వాక్యాలుగా చెప్పుకొనండి. చెప్పగలిగితే ముందుకు సాగండి. లేనిచో మొదటికి మరలండి. బ్రిటిషు పిల్లలకు తెరపై వృత్తం ఆ అవకాశమిచ్చినది. మీకు మీరే ఇచ్చుకొనవలసి ఉన్నది.