కష్టకాలంలో చిన్న తెరచాప పడవ: ఎంపిక, యాజమాన్యం – ఒక పరిశీలన



హాస్టల్ వార్షికోత్సవ సంచిక అంటే పోటీ పరీక్షలు, కంప్యూటర్ కోర్సులు, స్కాలర్‌షిప్పుల మీద వ్యాసాలు చదవడం మనకు అలవాటు. అలాంటి చోట తెరచాప పడవ మీద వ్యాసం ఎందుకని మీకు సందేహం రావచ్చు. మన గగన్‌పహాడ్ పేరులో గగనం ఉంది, పహాడ్ ఉంది, సముద్రం మాత్రం లేదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మన తలల మీదుగా విమానాలు పోతున్నాయి. సముద్రం చూడాలంటే మాత్రం మచిలీపట్నం దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా పోవాలి.

అయినా ఈ విషయాన్ని మేము కావాలనే ఎంచుకున్నాం. మనలాంటి ఇళ్ళలో సంపాదన కోసం మొదటిసారి కొనే వస్తువు చాలా పెద్ద నిర్ణయం. అది ఆటో కావచ్చు, కుట్టుమిషన్ కావచ్చు, పాడిగేదె కావచ్చు. ఆ ఒక్క కొనుగోలు ఇంటిని నిలబెట్టనూ వచ్చు, పదేళ్ళ అప్పులోకి దించనూ వచ్చు. ఈ లెక్కను పడవ చాలా స్పష్టంగా చూపిస్తుంది. అందుకే ఆర్థికశాస్త్రంలో మేము చదివిన తరుగుదల, వడ్డీ, ఉమ్మడి యాజమాన్యం వంటి మాటలను పడవ మీద పెట్టి చూద్దామనుకున్నాం.

1. మన తీరం నేర్పిన పాఠం

తెలుగు తీరంలో పేదవాడి పడవ తెప్ప. తేలికపాటి దుంగలను తాళ్ళతో కట్టి, చిన్న తెరచాప ఎత్తి సముద్రంలోకి పోయేవారు. ఒడ్డుకు వచ్చాక కట్లు విప్పి దుంగలను ఆరబెట్టేవారు. ఒక దుంగ పాడైతే ఆ ఒక్కదాన్నే మార్చేవారు. ఇంగ్లీషులో వాడే ‘కాటమరాన్’ అనే మాట తమిళ ‘కట్టుమరం’ నుంచి పోయిందే.

రెండోది మాసూలా పడవ. దీనికి మేకులు ఉండవు. పలకలను కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. అల ఒడ్డున కొట్టినప్పుడు మేకులతో బిగించిన పడవ పగిలిపోవచ్చు గాని, కుట్టిన పడవ కొంచెం వంగి తట్టుకుంటుంది. మద్రాసులో ఓడరేవు కట్టకముందు ఓడల నుంచి మనుషులను, సరుకును ఒడ్డుకు చేర్చింది ఈ రకం పడవలే. మూడోది కాకినాడ, ఉప్పాడ ప్రాంతపు నావ. పలకలతో కట్టి, తెరచాపతో నడిపేవారు.

ఈ మూడింటిలోనూ ఒక సామాన్య గుణం కనిపిస్తుంది. పడవ చెడిపోతే ఆ ఊళ్ళోనే, ఆ చేతులతోనే బాగుచేసుకోవచ్చు. 1980లలో ఇంజన్లు, 1990ల నుంచి ఫైబర్ తెప్పలు వ్యాపించాయి. వాటివల్ల శ్రమ తగ్గింది, దూరం పెరిగింది. దానితోపాటు డీజిల్ ఖర్చు, ఇంజన్ రిపేరు, పెట్టుబడి కోసం అప్పు కూడా పెరిగాయి. అప్పు ఇచ్చిన వ్యాపారికే చేపలు అమ్మాలి, అతను చెప్పిన ధరకే అమ్మాలి అనే కట్టుబాటు తీరంలో చాలా పాతది. ఇంజన్ వచ్చాక అది మరింత బిగిసింది.

ఇంకో విషయం. 2015 నుంచి తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఇది ఇంజన్ ఉన్న పడవలకే. ఇంజన్ లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది. అంటే అన్నిటికన్నా చిన్న పడవకు ఏడాదిలో పని చేయగల రోజులు ఎక్కువ. ఈ ‘పని చేసే రోజులు’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. లెక్క దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

2. మాంద్యంలో పుట్టిన పడవలు

తెరచాప పడవ అనగానే ధనవంతుల విలాసం గుర్తుకొస్తుంది. కాని ప్రపంచంలో బాగా వ్యాపించిన చిన్న పడవలు చాలావరకు డబ్బు లేనివారి కోసం తయారైనవే.

అమెరికాలో మహామాంద్యం నడుస్తున్న 1931లో విలియం క్రాస్బీ అనే రూపకర్త ‘స్నైప్’ అనే పదిహేనున్నర అడుగుల పడవ నమూనాను ఒక పత్రికలో అచ్చువేశాడు. ఎవరి ఇంటి వెనక వాళ్ళే కట్టుకోవచ్చు. మొదటి పడవ కట్టినవాడు మిసిసిపీ రాష్ట్రంలోని పద్నాలుగేళ్ళ కుర్రవాడు.

1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం ‘ఆప్టిమిస్ట్’ పడవను తయారుచేశాడు. అతనికి పెట్టిన షరతు 50 డాలర్ల లోపు ఖర్చు. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగులే ఉంటుంది కాబట్టి పడవ అంతకు మించకూడదు. అందుకే దాని ముక్కు సూదిగా ఉండదు, కోసేసినట్టు మొద్దుగా ఉంటుంది. పొడవు ఏడుముప్పావు అడుగులు, బరువు 35 కిలోలు. ఇద్దరు పిల్లలు మోయగలరు. డబ్బు లేక మొద్దుగా ఉండిపోయిన ఆ ముక్కుతోనే ఇవాళ ప్రపంచమంతటా పిల్లలు తెరచాప నేర్చుకుంటున్నారు.

1963లో బ్రిటన్‌లో ఒక దినపత్రిక పేరు మీద ‘మిర్రర్’ పడవ వచ్చింది. ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్ పట్టీ, రెజిన్ వేస్తే పడవ తయారు. చెక్కపని రాని మనిషి కూడా ఇంట్లో కట్టుకోగలిగాడు. ఇలాంటివి డెబ్బైవేలకు పైగా తయారయ్యాయి. పలకలను కుట్టి పడవ చేయడం మన మాసూలా పడవవాళ్ళకు తరతరాలుగా తెలిసిన పనే. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని మేము అనడం లేదు. సామాను తక్కువైనప్పుడు మనిషి బుద్ధి ఎక్కడైనా ఇంచుమించు ఒకే దారిన పోతుందని మాత్రం చెప్పవచ్చు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చూడాలి. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత అమెరికా తీరంలో ఎందరో యజమానులు పడవలను వదిలేసి పోయారు. వాయిదాలు, నిలిపే చోటికి అద్దె, రిపేర్లు మోయలేకపోయారు. అమ్ముదామంటే కొనేవారు లేరు. తమను పట్టుకోకుండా కొందరు పడవ మీది పేరును గీకేసి, నంబరును అరగదీసి మరీ వదిలేశారు. వాళ్ళు పడవ ధరను లెక్కవేసుకున్నారు గాని, పడవను ఉంచుకోవడానికి అయ్యే ధరను లెక్కవేసుకోలేదు.

3. ఎంపిక: కొనేముందు వేసుకోవలసిన ప్రశ్నలు

మొదటిది, ఏ నీటిలో నడపాలి? చెరువులో నడిచే పడవ అలల్లో పనికిరాదు. అలలకు కట్టిన బరువైన పడవ చెరువు గాలికి కదలదు.

రెండోది, ఎంతమంది మోయగలరు? ఇద్దరు ముగ్గురు మోయగల పడవకు రేవు అద్దె ఉండదు, క్రేన్ అక్కర్లేదు. పదిహేను అడుగులు దాటితే ఖర్చు అడుగుల లెక్కన పెరగదు, అంతకన్నా వేగంగా పెరుగుతుంది.

మూడోది, ఎవరు బాగుచేస్తారు? మన ఊరి వడ్రంగి, ఫైబర్ పనివాడు చేయగలిగితే మంచిది. విడిభాగం విదేశం నుంచి రావాలంటే ఆ పడవ మనది కాదనుకోవాలి.

నాలుగోది, పాతదా, కొత్తదా? కష్టకాలంలో పాత పడవలు చౌకగా దొరుకుతాయి. కాని పరీక్షించి కొనాలి. చెక్క పడవైతే అతుకుల దగ్గర చాకు మొనతో నొక్కాలి. మెత్తగా దిగితే కుళ్ళినట్టు. ఫైబరైతే రూపాయి బిళ్ళతో అంతటా తట్టాలి. గట్టి చోట టంగుమంటుంది, లోపల పొర ఊడిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. తెరచాపను ఎండకు ఎత్తి పట్టి చూడాలి, చిరుగులు, పలచబడిన చోట్లు బయటపడతాయి. తెరకొయ్య నిలిపే దిమ్మెను, చుక్కాని బిగింపును కదిపి చూడాలి. చివరగా పడవను గంటసేపు నీటిలో ఉంచి లోపల చెమ్మ ఎంత వచ్చిందో చూడాలి. అమ్మేవాడు గంటసేపు ఆగలేనంటే ఆ పడవ వద్దు.

ఐదోది, నడపడం వచ్చా? పడవ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. కొంచెం కుడికి, కొంచెం ఎడమకు మలుపులు తిరుగుతూ పోవాలి. గాలిలో ఒక పక్కకు కొట్టుకుపోకుండా నీటిలోకి దించే నిలువు పలక ఆపుతుంది. సముద్రం మీద తెల్లవారకముందు గాలి నేల నుంచి వీస్తుంది, మధ్యాహ్నం సముద్రం నుంచి వీస్తుంది. మత్స్యకారులు ఒక గాలికి పోయి ఇంకో గాలికి తిరిగి వచ్చేది ఈ జ్ఞానంతోనే. ఇది కొనుక్కుంటే వచ్చేది కాదు, నేర్చుకోవాలి. ఈత, లైఫ్‌జాకెట్ లేకుండా నేర్చుకోకూడదు.

4. యాజమాన్యపు లెక్క

ఇది కేవలం అర్థం కావడానికి మేము ఊహించి వేసిన లెక్క. పాత పడవ ధర 60,000 రూపాయలు, ఆరేళ్ళు నడుస్తుంది అనుకుందాం. ఏడాదికి తరుగుదల 10,000. రిపేరు, రంగు, తాళ్ళు 6,000. తెరచాప 6,000 పెట్టి మూడేళ్ళకొకటి మారిస్తే ఏడాదికి 2,000. రవాణా, చోటు, ఇతర ఖర్చులు 2,000. మొత్తం 20,000.

ఇప్పుడు ఆ 60,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చామనుకోండి. నెలకు 1,800, ఏడాదికి 21,600. అసలు అలాగే ఉంటుంది. మిగతా ఖర్చులన్నీ కలిపినా 20,000 దాటలేదు, వడ్డీ ఒక్కటే వాటిని మించిపోయింది. అప్పు చేస్తే ఒకే పడవను రెండుసార్లు కొన్నట్టే.

ఇక పని చేసే రోజులు. అప్పు లేని పడవను ఏడాదిలో వంద రోజులు నడిపితే రోజుకు 200 పడుతుంది. ఇరవై రోజులే నడిపితే రోజుకు 1,000. అప్పు ఉండి ఇరవై రోజులే నడిపితే రోజుకు 2,080. పడవ అదే, నీరు అదే. తేడా వడ్డీలో, వాడకంలో ఉంది.

5. ఉమ్మడి యాజమాన్యం

ఇదే పడవను నలుగురు కొంటే తలా 15,000, ఏడాది ఖర్చు తలా 5,000. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. తీరంలో వచ్చిన డబ్బులోంచి ముందు ఉమ్మడి ఖర్చు తీసి, మిగిలింది వాటాలు వేసి, మనుషులతోపాటు పడవకూ వాటా వేస్తారు. పడవ వాటా ఎందుకంటే అది కూడా అరుగుతుంది, దానికీ తిండి కావాలి. మన ఉమ్మడి వ్యవహారాలు చెడిపోయేది తరచుగా ఇక్కడే. లాభం పంచుకుంటాం, తరుగుదలకు పక్కన పెట్టం. కాబట్టి రాసుకోవలసినవి నాలుగు: ఎవరి వంతు ఏ రోజు, విరిచినవారు ఏం కట్టాలి, బయటకు పోయేవారి వాటాకు ధర ఎలా కట్టాలి, పడవ వాటా ఎవరి దగ్గర ఉండాలి. స్నేహితులమే కదా అని రాసుకోకపోతే చివరికి పడవా ఉండదు, స్నేహమూ ఉండదు.

6. మన దగ్గర ఉన్న అవకాశం, పోతున్న నీరు

సముద్రం లేకపోయినా హైదరాబాద్ తెరచాపకు పేరున్న నగరం. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ మీద సికింద్రాబాద్ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ దశాబ్దాలుగా పోటీలు నడుపుతోంది. సుహీమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీ పిల్లలకు, ప్రభుత్వ బడుల పిల్లలకు ఆప్టిమిస్ట్ పడవల మీద శిక్షణ ఇచ్చింది. మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు కూడా అక్కడ నేర్చుకొని మాన్‌సూన్ రెగట్టాలో పతకాలు తెచ్చుకున్నారు. వాళ్ళెవరూ ముందుగా పడవ కొనలేదు. ముందు నేర్చుకున్నారు. డబ్బు లేనివారికి సరైన వరస ఇదే.

పడవ కన్నా ముందు నీరు ఉండాలి. మన పక్కన 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఉంది. మన ఊళ్ళోనే అప్పచెరువు ఉంది. 2020 అక్టోబరు వానలకు అప్పచెరువు కట్ట తెగి గగన్‌పహాడ్ దగ్గర బెంగళూరు రోడ్డు మీదికి నీరు వచ్చింది, ప్రాణాలు పోయాయి. 2024 ఆగస్టులో హైడ్రా ఆ చెరువులోని ఆక్రమణలను తొలగించింది. చెరువు చోటును మనుషులు తీసుకుంటే, వాన వచ్చినప్పుడు నీరు తన చోటు తాను వెతుక్కుంటుంది. తెలంగాణ చెరువుల్లో థర్మాకోల్ తెప్ప మీద వల వేసే మత్స్యకారుడికి ఆ తెప్ప ఖరీదు పెద్ద సమస్య కాదు. చెరువు మిగులుతుందా అన్నదే సమస్య.

ముగింపు

మేము తేల్చుకున్నది ఇది. కష్టకాలంలో మంచి పడవ అంటే చౌక పడవ కాదు. మన చేతులతో బాగుచేసుకోగలిగేది, వడ్డీ లేకుండా కొన్నది, ఎక్కువ రోజులు పని చేసేది, అవసరమైతే నలుగురం కలిసి రాతపూర్వకంగా పంచుకోగలిగేది మంచి పడవ. ‘పడవ’ అన్న చోట ‘ఆటో’ అని రాసుకొని నాలుగో భాగంలోని లెక్కను మళ్ళీ వేసి చూడండి. ఇంట్లో ఎవరైనా ఫైనాన్స్ మీద బండి తీసుకోబోతుంటే, సంతకం పెట్టకముందు ఆ కాగితం వాళ్ళ ముందు పెట్టండి. ఆ లెక్క వేయగలిగిన మనిషి మన ఇళ్ళలో చాలాచోట్ల హాస్టల్‌లో చదువుకున్న పిల్లలే.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వచ్చే ఎండాకాలం సెలవుల్లో ఈత వచ్చిన పది మంది చిన్న తమ్ముళ్ళకు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప శిక్షణకు దారి ఖర్చులు పెట్టుకుంటే, పడవ కొనాలా వద్దా అన్నది వాళ్ళు నేర్చుకొని వచ్చాక వాళ్ళనే అడుగుదాం.