ఇంట్లో పాట రికార్డింగ్‌కి ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

మ్యూజిక్ క్లాసులో తాళం తప్పని మీ అమ్మాయో అబ్బాయో ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు పాడేటప్పుడు తడబడుతున్నారా? “ప్రాక్టీస్ చాలడం లేదు” అనే ముందు ఒకసారి ఆ ల్యాప్‌టాప్‌ని అనుమానించండి. తన గొంతు తనకే హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినిపిస్తుంటే ఎంత సాధన చేసినవారికైనా లయ జారిపోతుంది.

ఈ ఆలస్యాన్ని లేటెన్సీ అంటారు. కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకు 48,000 చిన్న ముక్కలుగా కొలుస్తుంది. ఒక్కో ముక్కనూ విడిగా పంపకుండా కొన్నింటిని పోగుచేసి ఒకేసారి పంపుతుంది. ఆ పోగు పేరు బఫర్. 1024 ముక్కల బఫర్ పెడితే ఒక్క పోగు నిండడానికే 21 మిల్లీసెకన్లు పడుతుంది. 256 పెడితే 5 మిల్లీసెకన్లు చాలు. గొంతు లోపలికి వెళ్ళాలి, మళ్ళీ బయటికి రావాలి కాబట్టి అసలు ఆలస్యం దీనికి రెట్టింపు పైనే ఉంటుంది. పోల్చి చూడాలంటే, మృదంగం వాయించేవారు మూడున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే ఆ శబ్దం మనల్ని చేరడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంతవరకు ఎవరికీ ఇబ్బంది ఉండదు. అది 40, 50 అయితే మాత్రం పాడేవారికి తెలిసిపోతుంది. (బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో ఆలస్యం సాధారణంగా 100 దాటుతుంది. రికార్డింగ్‌కి వైరున్న హెడ్‌ఫోనే వాడండి.)

మరి బఫర్‌ని ఇంకా తగ్గించేస్తే సరిపోదా? తగ్గించేకొద్దీ ప్రాసెసర్ ప్రతి పోగునూ సరిగ్గా వేళకు అందించాలి. మధ్యలో ఏ అప్‌డేటో, యాంటీవైరసో అడ్డుపడితే రికార్డింగ్‌లో చిటపటలు వస్తాయి. సంగీతం కోసం ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకోవడం అంటే ప్రధానంగా ఇదే: తక్కువ బఫర్‌తో చిటపటలు లేకుండా ఏది నడుస్తుంది? లినక్స్ మీద ఆధారపడిన కొన్ని ఉచిత సిస్టమ్‌లను ఈ పనికోసమే ముందుగా సర్దిపెట్టారు.

చాలా ఇళ్ళకు మేము సూచించేది ఉబుంటు స్టూడియో. 2007 నుంచి వస్తోంది. పాట రికార్డింగ్‌కి ఆర్డర్, డ్రమ్స్‌కి హైడ్రోజన్, బీట్స్ కూర్చడానికి ఎల్ఎంఎంఎస్ వంటి ప్రోగ్రాములు ఇందులో దొరుకుతాయి. ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు రాసే పిల్లలకు స్టాఫ్ నొటేషన్ రాసుకోవడానికి మ్యూజ్‌స్కోర్ కూడా ఉచితమే. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘ఎల్‌టీఎస్’ అని రాసి ఉన్న వెర్షనే తీసుకోండి. దానికి మూడేళ్ళు అప్‌డేట్స్ వస్తాయి. మిగతా వెర్షన్లకు తొమ్మిది నెలలే. పదో తరగతి మధ్యలో మళ్ళీ ఇన్‌స్టాలేషన్ పని పెట్టుకోవడం ఎవరికి ఇష్టం? ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్‌తో నడిచే పాత ల్యాప్‌టాప్ అయితే ఏవీ లినక్స్‌ని కూడా చూడండి. ఎంఎక్స్ లినక్స్ ఆధారంగా దీన్ని రికార్డింగ్ కోసమే తయారు చేశారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసిపోయింది. విండోస్ 11 ఎక్కదని అటకెక్కించిన మెషీన్ ఈ పనికి ఉపయోగపడవచ్చు.

అందరికీ ఇదే మందు కాదు. మీ పిల్లల మాస్టారు ఎఫ్ఎల్ స్టూడియోలోనో ఏబుల్టన్‌లోనో నేర్పిస్తుంటే లినక్స్ జోలికి వెళ్ళకండి. వాటికి లినక్స్ వెర్షన్లు లేవు. నేర్చుకునేది ఒకటీ ఇంట్లో ఉన్నది ఇంకొకటీ అయితే పిల్లల ఉత్సాహం నీరుగారిపోతుంది. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌ని డబ్బు పెట్టి కొనడమే దారి. ఎవరో ఇచ్చిన ‘క్రాక్’ వెర్షన్ మాత్రం వద్దు. అలాంటి ఫైళ్ళతో పాటు వైరస్‌లు రావడం మామూలే. మీరు నెట్ బ్యాంకింగ్ చేసేదీ అదే ల్యాప్‌టాప్‌లో అయితే నష్టం పాటతో ఆగదు.

ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే పరీక్షించే వీలుంది. 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది మంచిది. బలీనా ఎచర్ లేదా రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ని దానిలోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ నుంచి స్టార్ట్ చేయండి. మీ విండోస్ చెక్కుచెదరదు. ఆదివారం ఒక గంట కేటాయించి పిల్లల చేతే చేయించండి. వైఫై పనిచేస్తోందా, యూఎస్‌బీ కేబుల్‌తో కీబోర్డ్ కలిపితే గుర్తుపడుతోందా చూడండి. తర్వాత ఆర్డర్‌లో బఫర్ 256 పెట్టి, మెట్రోనోమ్ వింటూ బాగా వచ్చిన పాటే ఒకటి పాడించండి. చిటపటలు వస్తే 512కి పెంచండి. అక్కడా ఆగకపోతే ఆ మెషీన్‌కి ఇది పడదని వదిలేయండి. పెన్‌డ్రైవ్‌తో నడిపినప్పుడు చేసిన రికార్డింగ్ షట్‌డౌన్‌తో పోతుంది, నచ్చితే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

అంతా కుదిరి ఇన్‌స్టాల్ చేయాలనుకుంటే ఆ రోజు మాత్రం పిల్లలకు వదిలేయకుండా మీరు పక్కన కూర్చోండి. డిస్క్ మొత్తం చెరిపేయాలా, విండోస్ పక్కనే ఉంచాలా అని అడిగే స్క్రీన్ ఒకటి వస్తుంది. తొందరపడి నొక్కితే కుటుంబం ఫోటోల నుంచి ఆఫీసు ఫైళ్ళ వరకు అన్నీ పోతాయి. ముందే వేరే హార్డ్‌డిస్క్‌లో బ్యాకప్ తీసుకోండి. మీ విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో పెన్‌డ్రైవ్ పెట్టే ముందే చూసి, దాని రికవరీ కీని కాగితం మీద రాసి దాచండి. స్టార్టప్ సెట్టింగులు మారిస్తే విండోస్ ఆ 48 అంకెల నంబర్ అడగవచ్చు.