మోటారు సైకిలు ముందు ఫోర్కు, హేండిలు: పోషణ

మండల కార్యాలయమునకు గాని, ఆసుపత్రికి గాని పోవలసివచ్చినపుడు పంచాయతీ సభ్యులలో పెక్కుమంది ఎక్కునది మోటారు సైకిలే. ఇంజను నూనె మార్పించువారు కలరు. ముందు ఫోర్కును తలచువారు అరుదు. వెనుక ఇల్లాలో, బిడ్డయో కూర్చున్న వేళ చక్రము గుంతలో పడినచో బండిని మన వశమున నిలుపునది అదియే.

ఫోర్కునకు రెండు కాళ్లు. ఒక్కొక్కదానిలో గొట్టములో గొట్టము జారుచుండును. లోపలి స్ప్రింగు దెబ్బను తాళును; నూనె సన్నని రంధ్రముల గుండా పోవుచు ఆ స్ప్రింగు ఊగులాటను అణచును. ఇట్టి నూనె ఫోర్కులను జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. వారు 1935లో అమ్మకపు బండ్లకు అమర్చిరి. మద్రాసులో తయారైన బుల్లెట్టునకును ఈ తరహా ఫోర్కే.

నూనె పాతబడినచో బ్రేకు వేయగానే బండి ముందునకు వాలి, పిదప ఎగిరెగిరి పడును. కంపెనీ పుస్తకములో చెప్పిన రకము నూనెను, చెప్పిన కొలతలోనే, రెండు కాళ్లకును సమముగా పోయింపవలెను. గొట్టములను గుడ్డతో తుడిచి, ముందు బ్రేకు పట్టి, హేండిలుపై బరువు వేసి ఐదారుమార్లు నొక్కి చూడుడు. నూనె చార కనబడినచో సీలు పోయినది. కారిన నూనె బ్రేకునకు తగులవచ్చును గనుక జాగు చేయరాదు. తుప్పు గుంటలు పడిన గొట్టమునకు కొత్త సీలు వేయించుట డబ్బు దండుగ.

ఇక హేండిలు. అది తిరుగుచోట క్రింద నొకటి, మీద నొకటి గోళీల గిన్నెలుండును. మెకానిక్కులు దీనినే కోన్ సెట్టందురు. బండిని మెయిన్ స్టాండుపై నిలిపి, ఒకరు వెనుక నొక్కి ముందు చక్రమును లేపియుంచగా, ఫోర్కు కాళ్ల అడుగుభాగమును పట్టి ముందువెనుకలకు లాగుడు. టక్కుమన్నచో వదులున్నది. చక్రమును పట్టి చూడరాదు. చక్రపు బేరింగు వదులును అట్లే తోచును. పిమ్మట హేండిలును మెల్లగా త్రిప్పుడు. నడుమ పట్టినట్లున్నచో గిన్నెలు సొట్టపడినవి. సెట్టు మార్పించుటయే గాని బిగింపుతో కుదరదు.

వదులు మాత్రమే ఉన్నచో పై పెద్ద నట్టును సడలించి, దాని క్రింది గాడుల నట్టును కొక్కెపు స్పానరుతో రవంత రవంత బిగించి, కదలిక పోయినచోట ఆగవలెను. కొన్ని బండ్లకు ప్రక్క బోల్టులను కూడ సడలింపవలసియుండును. అన్నియు బిగించిన తరువాత మరల పరీక్షింపుడు. పై నట్టు బిగింపుతో క్రిందిదియు బిగియుట కలదు. బిగువెక్కువైనను బండి తిన్నగా పోక తూలును. నీటి పైపుతో ఆ గిన్నెలపై జోరుగా కొట్టించినచో లోని గ్రీజు పోవును.

కల్వర్టు అంచున రోడ్డు కుంగి మెట్టు ఏర్పడిన చోట ప్రతి బండి ఫోర్కును సుత్తి దెబ్బ తినుచున్నది. దానిపై పోసిన తట్టెడు మట్టి మొదటి వానకే కొట్టుకొనిపోవును. కంకర వేయించి, దిమ్మిస కొట్టించి సరిచేయుట పంచాయతీ చేతిలోని పని.