శ్రవణమే పఠనానికి తొలిమెట్టు

మన సంప్రదాయంలో విద్యకు తొలి ద్వారం కన్ను కాదు, చెవి. వేదానికి ‘శ్రుతి’ అని పేరు. విద్వాంసుణ్ణి ‘బహుశ్రుతుడు’ అన్నారు. అనగా చాలా విన్నవాడు. ‘పఠ’ ధాతువుకు ధాతుపాఠం చెప్పిన అర్థం స్పష్టంగా పలకడమే. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి తన ధర్మపత్ని మైత్రేయికి ఆత్మవిద్యను ఉపదేశిస్తూ శ్రవణ మనన నిదిధ్యాసనాలను ఆ వరుసలోనే చెప్పాడు. ముందు వినాలి, విన్నదానిని తలపోయాలి, పిమ్మట దానిలో మనసు నిలపాలి. బ్రహ్మవిద్యకు చెప్పిన ఈ క్రమం పసివాని అక్షరవిద్యకు కూడా చక్కగా వర్తిస్తుంది. పిల్లలు పుస్తకం ముట్టడం లేదని బాధపడే తల్లిదండ్రులు మొట్టమొదట ఆలోచించవలసిన ప్రశ్న ఒక్కటే: మన ఇంట్లో వారు ఏమి విన్నారు?

తెలుగులో ‘చదువు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పుస్తకాన్ని చదవడం ఒకటి, విద్య గడించడం రెండవది. ఈ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండడం మన భాషకు అందమే. కాని నేటి గృహాలలో రెండవ అర్థం మొదటి అర్థాన్ని మింగివేసింది. “చదువుకోరా” అని తల్లి అన్నప్పుడు పిల్లవానికి గుర్తుకు వచ్చేది పాఠ్యపుస్తకం, పరీక్ష, మార్కులు. ఆ మాట కథల పుస్తకాన్ని గుర్తుకు తేవడం లేదు. ఇదే మన చిక్కుకు మూలం.

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో నివసించేవారికి ఈ సంగతి కళ్లెదుటనే ఉన్నది. మన నగర కేంద్ర గ్రంథాలయానికి తెల్లవారగానే యువతీయువకులు చేరుకుంటారు. గ్రూప్స్ పరీక్షలకు, పోలీసు ఉద్యోగాలకు, ఉపాధ్యాయ నియామకాలకు పూటలు పూటలు కూర్చొని చదువుతారు. ఊరు విడిచి, ఇరుకు గదులలో ఉంటూ, తల్లిదండ్రుల కష్టార్జితాన్ని పొదుపుగా వాడుకుంటూ వారు చేస్తున్నది తపస్సే. ఆ దీక్షకు నేను నమస్కరిస్తాను. అయితే ఆ దారిలో తండ్రి చేయి పట్టుకొని నడిచే ఎనిమిదేళ్ల బాలుడు చూస్తున్నదేమిటి? చదువు అంటే నుదుట ముడతలు, ఉద్యోగం కోసం పడే ప్రయాస. చదువుతూ నవ్వుకొనే మనిషిని ఆ బాలుడు ఇంట్లోనూ చూడకపోతే, పరీక్షలు ముగిసిన నాడు పుస్తకంతో తనకు పని తీరిపోయిందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

విష్ణుశర్మ చూపిన దారి

చదువంటే విముఖులైన పిల్లల సమస్య ఈనాటిది కాదు. పంచతంత్రం ఆరంభమే దానితో. మహిళారోప్య నగరాన్ని ఏలే అమరశక్తి మహారాజుకు ముగ్గురు కుమారులు. ముగ్గురూ శాస్త్రమంటే మొగం తిప్పుకొనేవారే. వ్యాకరణానికే పన్నెండేండ్లు పడుతుంది, ఆపైన ధర్మశాస్త్రం, అర్థశాస్త్రం ఎప్పుడు నేర్పాలి అని మంత్రులు లెక్కలు వేశారు. విష్ణుశర్మ మాత్రం ఆరు మాసాలలో వారిని నీతిశాస్త్ర కోవిదులను చేస్తానని ప్రతిజ్ఞ చేశాడు. ఆయన ఆ పిల్లలను దండించలేదు, సూత్రాలు వల్లింపజేయలేదు. కథలు చెప్పాడు.

ఆ కథలు చెప్పిన తీరును గమనించాలి. ఒక పాత్ర ‘ఫలానా జంతువు వలె చెడిపోతావు సుమా’ అని హెచ్చరిస్తుంది. వింటున్న పాత్ర ‘అదెట్లా జరిగింది?’ అని అడుగుతుంది. అడిగిన పిమ్మటనే కథ మొదలవుతుంది. అనగా కుతూహలం ముందు, కథ తరువాత, నీతి ఆ వెనుక. మనమిప్పుడు దీనిని తలకిందులు చేశాము. కథ ముగియకముందే “దీనివల్ల నీకేమి తెలిసింది?” అని ప్రశ్నిస్తాము. ఇంట్లో కథాకాలం కూడా పరీక్షాకాలమైతే పిల్లవాడు అక్కడినుంచీ తప్పించుకొంటాడు. నీతి కథలోనే ఉన్నది. సమయం వచ్చినప్పుడు అది తానే పలుకుతుంది.

శ్రీమద్భాగవతంలోనూ ఈ మర్యాదే కనిపిస్తుంది. పరీక్షిత్తు ఏడు దినాలు విన్నాడు. విని ఊరకుండలేదు, అడుగడుగునా ప్రశ్నించాడు. శుకమహర్షి ఒక్క ప్రశ్ననైనా విసుగుకోలేదు. ప్రహ్లాదుడైతే తల్లి గర్భంలో ఉండగానే నారదుని ఉపదేశం విన్నానని తోటి దానవబాలురకు చెప్పుకొన్నాడు. మన పిల్లలు “ఎందుకు? ఎలా?” అని మధ్యలో అడ్డుపడితే అది అల్లరి కాదు, శ్రోత మేల్కొని ఉన్నాడనడానికి గుర్తు.

మన వీధులలోనే జరిగిన కృషి

ఈ విషయమై మనం దూరదేశాల ఆదర్శాలు వెదకనక్కరలేదు. నిజాం పాలనలో తెలుగువారికి తమ భాషలో చదువు అరుదైన కాలంలో, 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు పంతులు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి మూలపురుషులు. సుల్తాన్‌బజారులోని ఆ నిలయం మన నారాయణగూడకు ఎంతో దూరం లేదు. తరువాత 1928లో మాడపాటి హనుమంతరావు పంతులు తెలుగులో బోధించే బాలికల పాఠశాలను స్థాపించారు. నారాయణగూడలో ఆ పాఠశాల నేటికీ ఆయన పేరును నిలుపుతున్నది. ఒక బాలిక చదువుకొంటే రేపు ఒక తల్లి కథ చదివి వినిపించగలదు. ఆనాటి పెద్దలు నాటిన విత్తనం అట్టిది.

బాలల మనసు తెలిసిన దంపతులు మరి ఇద్దరున్నారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు. తెలుగునాట వారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి, 1940లో బాలానంద సంఘాన్ని నెలకొల్పారు. 1945లో ‘బాల’ మాసపత్రికను ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట హైదరాబాదుకు తరలివచ్చారు. బాలానంద సంఘానికి నారాయణగూడ నెలవైంది. వారి కృషిలోని క్రమాన్ని చూడండి. ముందు రేడియోలో గొంతు, ఆ తరువాత పత్రికలో అక్షరం. చెవికి అలవాటైన అన్నయ్య, అక్కయ్యల మాటలే అచ్చులో కనిపిస్తే ఏ పిల్లవాడు చదవకుండా ఉంటాడు? బాపు, ముళ్లపూడి వెంకటరమణ గార్లు బాల్యంలో ఆ పత్రికకు బొమ్మలు, రచనలు పంపినవారే. వినే పిల్లలు చదివే పిల్లలయ్యారు, చదివే పిల్లలు వ్రాసేవారయ్యారు.

1947 జూలైలో మద్రాసునుండి వెలువడిన ‘చందమామ’ కూడా ఇంటిల్లిపాది కలిసి వినే పత్రికగానే పెరిగింది. ఒకరు చదివితే నలుగురు వినేవారు. అందులోని బేతాళ కథలు ప్రశ్నతో ముగిసేవి. బేతాళునికి విక్రమార్కుడు ఏమని బదులిస్తాడో అని పిల్లలు తమ జవాబులు తాము చెప్పుకొనేవారు. నేడు ఆ పాత సంపుటాలను, పెద్దలు కాలం చేసిన తరువాత, తూకానికి అమ్మివేస్తున్న గృహాలను మన పేటలలోనే చూస్తున్నాను. కొనేవాడు కాగితం బరువు తూస్తాడు. అమ్మేవారైనా ఆ పుటలను ఒక్కసారి తిప్పి చూడవద్దా?

కళ్లు లేని గురువు

మా వీధిలో ఒక కుటుంబమున్నది. తండ్రి ఉద్యోగం ముగించుకొని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. కుమారుడు మూడవ తరగతి. తెలుగు ధారాళంగా మాట్లాడుతాడు కాని చదవలేడు. దేవాలయంలో స్తోత్రం ఇచ్చినా ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నదా అని అడిగేవాడు. ఇంట్లో నానమ్మకు కథలు కొల్లలుగా వచ్చును, పుస్తకమంటే ప్రాణం. కాని శుక్లాలు ముదిరి చదవలేని స్థితి. తల్లి ఒకనాడు కొడుకుతో, “నానమ్మకు కళ్లు కనబడడం లేదు, రోజూ ఒక పుట నీవే చదివి వినిపించు నాయనా” అన్నది.

వానికి ఒత్తులు రావు, సంయుక్తాక్షరాల వద్ద ఆగిపోయేవాడు. నానమ్మ పుస్తకం చూడకుండానే సరిదిద్దేది. కథ ఆమెకు కంఠస్థం కదా! ‘దుర్యోధనుడు’ అనే మాట వద్ద వాడు తడబడితే “ఇంకెవడు, గదాయుద్ధం చేసినవాడే” అనేది. వాడు నవ్వి, పేరు పలికి, అక్షరాలను మరల చూసేవాడు. చెవికి తెలిసిన మాట కంటికి పట్టుబడేది. నాలుగు మాసాలకు బాలభారతం ముగిసింది. అంతలో ఆమెకు శస్త్రచికిత్స జరిగి చూపు వచ్చింది. “ఇక నీవే చదువుకోవచ్చు కదా” అని మనుమడు అడిగితే, “చదవగలను, కాని నీవు చదివితే వినడం వేరు” అని ఆమె బదులిచ్చింది. పుస్తకం మారింది గాని ఆ పూట మారలేదు. ఇప్పుడా బాలుడు స్తోత్రాన్ని తెలుగు లిపిలోనే అడుగుతున్నాడు.

ఇందులో రహస్యమేమీ లేదు. ఆ పిల్లవానికి చదువు ఒక పని కాదు, ఒక సేవ అయింది. తన అవసరం ఒకరికి ఉన్నదని తెలిసినప్పుడు బాలుని మనసు వికసిస్తుంది.

ఆచరణకు కొన్ని మాటలు

ఒకటి, వేళ. సాయంకాలం దీపం పెట్టిన తరువాత గాని, భోజనానంతరం గాని, ఇరవై నిమిషాలు నిర్ణయించుకోవాలి. ఆ ఇరవై నిమిషాలు టీవీ, ఫోను మౌనం వహించాలి. నియమం పెద్దలకే ముందు వర్తిస్తుంది. తండ్రి చేతిలో ఫోను వెలుగుతుండగా కొడుకు చేతిలో పుస్తకం నిలువదు. ఆలస్యంగా వచ్చేవారు ఆదివారం ఒక గంట కేటాయించినా మేలే.

రెండు, ఆవృత్తి. పిల్లలు విన్న కథనే మరల చెప్పమంటారు. విసుగుకోవద్దు. వేదపాఠశాలలో గురువు ఒకసారి చెప్పినదానిని శిష్యుడు రెండుసార్లు పలికి సంత చెప్పుకోవడం మనకు తెలిసిందే. బాలుడు కోరే పునరుక్తి అట్టిదే. నాలుగవసారి వినేటప్పుడు వాడు మీకంటె ముందుగా తరువాతి మాట చెబుతాడు. అప్పుడే పుస్తకం వాని ముందుంచి, ఆ మాట క్రింద వ్రేలు పెట్టి చూపించండి.

మూడు, వంతులు. ఒక వాక్యం మీరు, ఒక వాక్యం వాడు. తప్పు పలికితే వెంటనే ఖండించక, మీ వంతు వచ్చినప్పుడు ఆ మాటను సరిగా పలికి సాగిపోండి. కథ మంచి పట్టులో ఉండగా ఆపి, పుస్తకాన్ని వానికి అందేచోట విడిచిపెట్టండి. మరునాటి వరకు ఆగలేని పిల్లవాడు తానే తెరుస్తాడు.

నాలుగు, పుస్తకాల సేకరణ. పసివారికి బొమ్మలు పెద్దవిగా, అక్షరాలు తక్కువగా ఉన్నవి చాలు. నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం వంటి సంస్థలు సరసమైన వెలకు తెలుగులో బాలల పుస్తకాలు అందిస్తున్నాయి. చదువు కుదిరిన పిమ్మట పంచతంత్రం, బాలరామాయణం, బాలభారతం, ఆపైన చిన్నయసూరి నీతిచంద్రిక. ఆ గ్రంథం 1853లో వెలువడినా, పెద్దలు దగ్గర కూర్చొని విడమరచి చెబితే అందులోని మిత్రలాభం నేటి పిల్లలనూ రంజింపజేస్తుంది. నెలకొకసారి పిల్లలను గ్రంథాలయానికి తీసుకొనివెళ్లి, పుస్తకాన్ని వారినే ఎన్నుకోనివ్వండి. నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఇందిరాపార్కు సమీపాన జరిగే పుస్తక ప్రదర్శన మనకు కాలినడక దూరమే.

ఐదు, పెద్దల పాత్ర. తాతయ్య, అమ్మమ్మ దూరాన ఉంటే ఫోనులోనే పిల్లవాడు ఒక పుట చదివి వినిపించవచ్చు. ఆ విధంగా ఫోనుకు కూడా సద్వినియోగం కలుగుతుంది.

ఒక సందేహానికి సమాధానం

“కథలు చదువుతూ కూర్చుంటే మార్కులు తగ్గవా?” అని కొందరు అడుగుతారు. ప్రశ్నపత్రం కూడా చదివి అర్థం చేసుకోవలసినదే కదా! వాక్యం వెంట మనసును నడిపించడం నేర్చినవాడు గణితంలోని ప్రశ్ననైనా ఓర్పుతో చదువుతాడు. “ఇంగ్లీషు మాధ్యమంలో చదివేవారికి తెలుగు కథలెందుకు?” అనేది మరొక ప్రశ్న. ఇంగ్లీషు పుస్తకాలను వద్దనడం లేదు. అవీ చదవనివ్వండి. అయితే అమ్మ మాట్లాడే మాట అచ్చులో ఎలా ఉంటుందో ఎరుగని పిల్లవానికి అన్నమయ్య, పోతన, రామదాసు పేర్లుగానే మిగిలిపోతారు. మందిరంలో తీర్థం పుచ్చుకొంటాడు గాని, గోడమీది పద్యం వానికి చిత్రమై నిలుస్తుంది. ఆస్తులు వ్రాసి ఇచ్చే మనం ఇంత పెద్ద ఆస్తిని వారికి అందకుండా చేయడం న్యాయమా?

కనుక గృహస్థులందరికీ నా మనవి ఇది. ఈ మాసంలో ఏదో ఒక రోజున ఇంట్లో ఒక కథ చెప్పండి. మరునాడు దానినే పుస్తకంలో చూపి చదవండి. మూడవనాడు మీరు కూర్చొని వినండి, పిల్లలు చదువుతారు. తడబడనివ్వండి, ప్రశ్నించనివ్వండి, నవ్వనివ్వండి. అక్షరం అంటే నశించనిది. దానిని మన ఇంట నిలుపుకోవడానికి కావలసినది ఒక గొంతు, ఒక చెవి, రోజుకు ఇరవై నిమిషాల ఓపిక.

స్వస్తి.