స్క్రీన్ ముద్రణ యంత్రము: దోషముల నెఱుంగు విధము

చట్రమునకు వలగుడ్డ బిగించి, దాని రంధ్రముల గుండ రంగును గుడ్డపైకి దింపు ముద్రణమునకు స్క్రీన్ ముద్రణమని పేరు. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరవాసియగు సామ్యూల్ సైమన్ 1907వ సంవత్సరమున దీనికి పేటెంటు పొందెను. నాడు చేతితో జరిగిన పనిని నేడు స్వయంచాలక యంత్రములును చేయుచున్నవి.

చొక్కాలపై అచ్చువేయు యంత్రము బండిచక్రమును బోలియుండును. ఆకులవంటి చేతుల చివరల బల్లలుండును. వానిపై చొక్కాలు పఱతురు. చక్రము తిరిగి యాగినపుడెల్ల ఒక్కొక్క బల్ల ఒక్కొక్క తెర క్రిందికి వచ్చును. స్క్వీజీ యను మెత్తని పట్టీ రంగును నొక్కును. తెరకొక రంగు చొప్పున బొమ్మ పూర్తియగును.

యంత్రము తప్పినపుడు మరలన్నియు త్రిప్పరాదు. వైద్యుడు ముందుగా నాడిని జూచునట్లు, ముందుగా అచ్చుపడిన గుడ్డలను వరుసగా జూడవలెను.

1. రంగులు స్థానము తప్పుట: ఒకే రంగు అన్ని బల్లలపైనను ఒకే వైపునకు ఒకే కొలతగా జరిగినచో, ఆ తెర చట్రము కదలినదని యెఱుంగుడు. ఒక్క బల్లపైననే తప్పినచో, ఆ బల్లయో, దాని చేయియో వదులైనది. తప్పు మాటిమాటికి మాఱుచున్నచో, గుడ్డ బల్లకు చక్కగా అంటినదా, వల బిగువుగా నున్నదా యని మొదట చూచి, పిదప చక్రమును నిలుపు భాగముల అరుగుదలను పరీక్షింపుడు.

2. రంగు సమముగా పడకుండుట: ఒక ప్రక్క పలుచనైనచో తెరయు, బల్లయు, స్క్వీజీయు సమముగా లేవన్నమాట. ప్రతి గుడ్డపైనను ఒకేచోట గీత పడినచో స్క్వీజీ యంచున గాటుండును.

3. స్క్వీజీ కుదుపులతో నడచుట: గాలిబలముతో నడచు యంత్రమైనచో పీడనమాపకమును జూడుడు. ముల్లు పడిపోవుచున్నచో గొట్టముల అతుకులకు సబ్బునీరు పూయుడు. బుడగలు లేచినచోట గాలి పోవుచున్నది.

4. బొత్తిగా కదలకుండుట: అత్యవసరపు మీట నొక్కబడియున్నదేమో, రక్షణపు తలుపు తెఱచియున్నదేమో మొదట చూడుడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. విద్యుత్తు నాపినంతనే యపాయము తొలగదు. గొట్టములలో మిగిలిన గాలి యంత్రభాగములను హఠాత్తుగా కదల్చి వ్రేళ్లను నలుపగలదు. కావున విద్యుత్తు నాపి, మీటకు తాళమువేసి, తాళపుచెవి తనయొద్దనే యుంచుకొని, గాలిని వెడలించి, ముల్లు సున్నకు వచ్చిన పిమ్మటనే లోపల చేయి పెట్టవలెను. పైకెత్తియున్న భాగములు గాలి పోయినపుడు క్రిందికి దిగవచ్చును గనుక వానికి ఆధారము నుంచవలెను. చొక్కా చెడిన మఱియొకటి దొరకును. వ్రేలు పోయిన మరల రాదు.

ఒకమారు ఒక్క మార్పే చేసి, ఒక గుడ్డ అచ్చువేసి చూడుడు. ఫలింపకున్న ఆ భాగమును పూర్వస్థితికి దెచ్చి, తరువాతిదానిని పరీక్షింపుడు. విద్యార్థులారా! ప్రయోగశాలలో మీరు నేర్చు శాస్త్రపద్ధతి యిదియే గదా. కార్ఖానాలో పనివానిని గాపాడునదియు నిదియే.